తోలు ఒర మీద బొట్టు

వేడినీళ్ళలో చింతపండు నానేసి మూత తీస్తే వచ్చే ఆ పుల్లటి ఆవిరి నన్ను ఇప్పటికీ నిలబడనివ్వదు. ఆయుధపూజ కదా, దీపపు కుందులు తోముదామని నిన్న సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లోని మా వంటింట్లో గిన్నె ముందు నిలబడ్డాను. కిటికీ బయట పక్కింటివాళ్ళ జకరండా చెట్టు అప్పుడే పూతకొస్తోంది. ఇక్కడ దసరా వసంతంలో వస్తుంది. ఇన్నేళ్ళయినా అది నాకు కొంచెం వింతే. గుజ్జు పిసుకుతుంటే వెంకటరత్నం అంకుల్ గుర్తొచ్చారు.

సిడ్నీకి ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో హారిస్ పార్క్‌లో వాళ్ళింటి వెనక గది అద్దెకి తీసుకున్నాను. అంకుల్‌ది తెనాలి. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరుగా ఇక్కడి ఆసుపత్రుల్లోనే తల నెరిసి రిటైరయ్యారు. మనవాళ్ళు రిటైరైతే పెరట్లో బీరపాదులు పెడతారు, లేదా గుడి కమిటీలో చేరి పోట్లాడుకుంటారు. ఈయన మాత్రం అమెరికా పడమటి సరిహద్దు కాలంనాటి గుర్రపుదళం సిపాయిల రివాల్వర్లూ, వాటిని పెట్టుకునే తోలు ఒరలూ సేకరించేవారు. లైసెన్సు, గోడకి బిగించిన ఇనప బీరువా, అన్నీ పద్ధతి ప్రకారమే. అయినా తెలుగువాళ్ళ పిక్నిక్కుల్లో ఆయన ఈ సంగతి ఎత్తగానే అందరికీ మాంసం కాల్చే బార్బీ పొయ్యి దగ్గర ఏదో పని గుర్తొచ్చేది. ఆగి విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. ఊరుకాని ఊళ్ళో నాకూ మాట్లాడే మనిషి కావాలి మరి.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా చేతికి తెల్లటి నూలు గ్లవుజులిచ్చి తన గదిలో కూర్చోబెట్టారు. బల్ల మీద ఒక ఒర. నలుపు వెలిసి గోధుమరంగుకి తిరిగిన మందపాటి తోలు, పైన మూత. "సినిమాల్లో కౌబాయ్‌కి తొడ మీద వేలాడుతుందే, అది కాదమ్మా ఇది. సిపాయిది. గుర్రం పరిగెడితే పిస్తోలు జారిపోకుండా మూత పెట్టి కుట్టారు" అన్నారు. పక్కన గుడ్డ మీద రివాల్వరు. దాని ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కమ్మీ చిలుము పట్టి గోధుమరంగులో ఉంది. ఒరలో పిస్తోలు పిడి ముందుకి తిరిగి ఉంటుందని చూపిస్తే, అదేంటి అంకుల్, వెనక్కి కదా ఉండాలి అన్నాను. "కుడిచేతిలో కత్తి ఉండేదిగా! దీన్ని ఎడంచేత్తో లాగాలి. తరవాత కత్తులు మోయడం మానేశారు. ఒరలు మాత్రం అలాగే కుడుతూ పోయారు" అని నవ్వారు.

మూత లోపలివైపు ఎవరో మేకుతో గీసిన గీతలున్నాయి. ఇంటి మీద బెంగతో గీసుకున్నాడేమో పాపం, అన్నాను. నా బెంగే అక్కడ కనిపించి ఉంటుంది.

"నీకెలా తెలుసు?"

"ఊరికే అనిపించింది అంకుల్."

"అయితే అనిపించింది అను. తెలీనిది తెలీదనే అనాలి. అమ్మేవాడు కథలు చెప్తాడు, మనం చెప్పకూడదు."

గుమ్మంలో సుగుణ ఆంటీ కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. "ఆయనకి తెలీదంట! నాకు తెలుసు. అక్కడి జనాన్ని వాళ్ళ నేల మీంచి తరిమిన సిపాయిది అది. ఉత్తినే నడుముకి కట్టుకుని తిరిగాడా? ఏ తల్లి ఉసురు పోసుకుందో, తెచ్చి నట్టింట్లో పెట్టారు" అన్నారు. "నిజమే సుగుణా. పారేస్తే మాత్రం జరిగింది జరగలేదవుతుందా?" అన్నారు అంకుల్. ఆ మాట వాళ్ళిద్దరి మధ్య చాలా ఏళ్ళుగా నలుగుతున్నదని నాకు తరవాత తెలిసింది.

ఆ గది నియమాలు ఆంటీకి పెద్ద వేడుక. ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. తోలు ఇనుముని తినేస్తుంది కాబట్టి పిస్తోలుని ఒరలో ఉంచకూడదు. ఒర ఆకారం చెడకుండా లోపల మెత్తటి గుడ్డ చుట్ట పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇత్తడిని తోమకూడదు. ఆ చిలుమే దాని వయసు, తోమితే సేకరించేవాళ్ళ దృష్టిలో వస్తువు చచ్చినట్టే. "ఆ తోలుముక్కకి జరిగే మర్యాదలో సగం నాకు జరిగితే చాలు" అని ఆంటీ దెప్పేవారు. అంకుల్ చెవులు ఎర్రబడేవి.

ఒక దసరాకి ఆంటీ ఉన్నట్టుండి, ఈసారి ఆయుధపూజలో దాన్ని కూడా పెడదామన్నారు. అంకుల్ ముఖం వెలిగిపోయింది. ఒరనీ రివాల్వరునీ తెచ్చి పీట మీద పెట్టి, "ముట్టుకోకు సుమా" అని స్నానానికి వెళ్ళారు. నేను గంధం తీస్తున్నాను. తల ఎత్తేసరికి ఆంటీ చింతపండు గుజ్జుతో ఆ ఇత్తడిని తోమేస్తున్నారు!

"ఆంటీ, అంకుల్ ఒప్పుకోరేమో!"

"తోమని వస్తువు అమ్మవారి ముందు ఎలా పెడతాం? నువ్వూరుకో" అన్నారు. తరవాత నూనెలో కుంకుమ రంగరించి, ఒర మూత మీద ఉంగరపు వేలితో నిండుగా బొట్టు పెట్టారు. పెడుతూ ఏదో గొణుక్కున్నారు. నేను అడగకపోయినా చెప్పారు: "దీనివల్ల ఎవరు పోయారో వాళ్ళ కోసం. పేరన్నా తెలీదు పాపం."

అంకుల్ తడితలతో వచ్చి చూశారు. ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. నూనెబొట్టు అప్పటికే తోలులోకి ఇంకుతోంది. ఆయన నోరు తెరిచారు, ఆంటీ ముఖం చూశారు, మూసుకున్నారు. "బాగుంది కదండీ?" అని అడిగారు ఆవిడ. "చాలా బాగుంది" అన్నారు ఆయన. సాయంత్రం నేనే ఉండబట్టలేక, బొట్టు తీయించొచ్చేమో అంకుల్, అన్నాను. "ఎందుకమ్మా? లోపల వాడెవడో గీతలు గీశాడు, అది ఉంచానా లేదా? ఇది మీ ఆంటీ పెట్టింది" అన్నారు. ప్రేమ అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం మాత్రం విన్నట్టే అనిపించింది.

ఆ మరుసటి చలికాలంలో ఆంటీ జబ్బు చేసి పోయారు. నేను అప్పటికి పెళ్ళై స్కోఫీల్డ్స్ వచ్చేశాను. వారం వారం కూర తీసుకుని వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆయన గ్లవుజులు లేకుండా రివాల్వరు పట్టుకుని కూర్చున్నారు. "మళ్ళీ రంగు మారుతోందమ్మా" అన్నారు. చూస్తే ఇత్తడి మెరుపు పోయి, అంచుల్లో గోధుమరంగు కమ్ముతోంది. జీవితమంతా ఏ చిలుము కోసం అందరి మీదా కేకలేశారో, అది తిరిగి వస్తుంటే చూడలేకపోతున్నారు. ఆవిడ చేత్తో తెచ్చిన మెరుపు అది.

దసరానాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "మీ ఇంట్లో చింతపండుందా?" తీసుకెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఆ మనిషి తన చేతులతోనే ఇత్తడిని తోమారు. ఎంత గుజ్జు వాడాలో తెలీదు, బల్లంతా చేసుకున్నారు. మెరుపు వచ్చాక వెలుగులో పట్టుకుని చూసి, "ఆవిడ తోమినట్టు రాలేదు" అన్నారు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, గిన్నె కడిగారు.

వృద్ధుల హోముకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు సేకరణంతా ఇచ్చెయ్యక తప్పలేదు. ఒక తెల్లాయన వచ్చి అన్నీ మెచ్చుకుని, ఈ రివాల్వరూ ఒరా కలిపే కావాలన్నాడు. మూత మీది ఎర్ర మరకని తీయించడం తన పని అన్నాడు. అంకుల్ ఇంగ్లీషులోనే, మెల్లగా, "అది మరక కాదు. మా ఆవిడ పెట్టింది" అన్నారు. చివరికి ఒర లేకుండా రివాల్వరు ఒక్కటే వెళ్ళింది. ఒరని ఆయన పాత కండువాలో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. "దాచమ్మా" అన్నారు, అంతే. హోములో ఎక్కువ కాలం ఉండలేదు.

ఆఫీసులో ఎవరైనా తేల్చి చెప్పమని తొందరపెడితే "నాకు తెలీదు" అని తడబడకుండా అనగలగడం ఆయన పెట్టిన భిక్ష. ఆ ఇత్తడి ఇప్పుడు ఏ ఊళ్ళో, ఎవరి బీరువాలో గోధుమరంగుకి తిరుగుతోందో కూడా నాకు తెలీదు. తలచుకుంటే వెళ్ళి తోమి రావాలనిపిస్తుంది.

నిన్న కుందులు తోమాక ఒరని తీసి పీట మీద పెట్టాను. మా అమ్మాయి కుంకుమ భరిణె పట్టుకుని, కార్‌కి, నా లాప్‌టాప్‌కి, తన సైకిల్‌కి బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. ఒర దగ్గర ఆగి, "అమ్మా, దిస్ వన్ ఈజ్ ఫేడెడ్. షల్ ఐ డూ ఇట్ అగైన్?" అంది.

"వద్దు నాన్నా" అన్నాను. "దానికి పెట్టేశారు."