విమానపు చుట్టాలు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. మణుగూరు కాలనీలో మిషన్ కుట్టుకునేదాన్ని నేను. జాకెట్ కొలతలకు వచ్చిన ఆడవాళ్ళు ఊరికే పోరు, ఒక దయ్యం కథ కూడా చెప్పి పోతారు. "కథ తర్వాత, ముందు చెయ్యి సక్కగ చాపు" అని కసురుతుంటాను. మా ఆయన శ్రీను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఆయనకైనా కాస్త భయం ఉంది గానీ నాకు అదీ లేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత రాసింది చదివి నన్ను గాలికీ ధూళికీ భయపడే మనిషి కింద జమకట్టొద్దని.

అడవి పల్లె నుంచి కాలనీకి తేనె, విస్తరాకులు తెచ్చి అమ్మే ముత్తమ్మ పెద్దమ్మ ఎండ ఎక్కితే నా షాపులోనే కూర్చునేది. మా మిన్ను అంటే ఆమెకు ప్రాణం. మిన్నుకు అప్పుడు నాలుగేళ్ళు. కాలు ఒకచోట నిలవని పిల్ల.

ముత్తమ్మ వాళ్ళ ఊరి అవతల పెద్ద ఊబి ఉంది. చూస్తే తుంగ మొలిచిన మైదానంలాగే ఉంటుంది, అడుగు పెడితే తొడల దాకా లాగుతుంది. నేను పుట్టకముందు ఒక వానాకాలం, జనంతో పోతున్న పెద్ద విమానం అందులో పడింది. అప్పటికి ఆ ఊరికి రోడ్డు లేదు. ఊరివాళ్ళే తడికెలు పరుచుకుంటూ వెళ్ళి, బతికినవాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. ముత్తమ్మ అప్పుడు కొత్త కోడలు. కొంతమంది మాత్రం ఆ ఊబిలోనే ఉండిపోయారు.

ఇక అక్కడి నుంచి కథలు మొదలు. మంచు పట్టిన పొద్దున ఊబి వైపు పోయే గొడ్లను ఎవరో అదిలించి మళ్ళిస్తారట. తోవ తప్పినవాళ్ళకు "కూర్చోండి, కూర్చోండి" అని ఒక ఆడగొంతు వినిపిస్తుందట. విమానంలో పనిచేసే పిల్లట ఆమె. అందరినీ కూర్చోబెట్టి, బెల్టులు పెట్టించి, తను కూర్చునే లోపల విమానం పడిపోయిందట. బతికి బయటపడినవాళ్ళు చెప్పుకుని ఏడ్చారని ముత్తమ్మ అనేది.

"ఇంక డ్యూటీ దిగలేదా పెద్దమ్మా?" అని ఒకసారి వెటకారం చేశాను. ఆమె నవ్వలేదు.

ఆ ఏడు కొత్తల పండుగకు రమ్మని ముత్తమ్మ పట్టుబట్టింది. శ్రీనుకు డ్యూటీ ఉంది. నేనూ మిన్నూ వెళ్ళాం.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త పంట నోట పెట్టేముందు, తమ ఇళ్ళలో పోయిన పెద్దలకు పెట్టినట్టే, ఊబి గట్టు మీద విమానంలో పోయినవాళ్ళకు కూడా ఆకులు వేసి వడ్డిస్తారు. వాళ్ళను విమానపు చుట్టాలు అంటారు. వాళ్ళ వాళ్ళు ఇంత దూరం వచ్చి పెట్టుకోలేరు, మన నేల మీద పోయారు కాబట్టి మన చుట్టాలే అని ఊరివాళ్ళ లెక్క. వడ్డించాక అందరూ ఊబికి వీపు తిప్పి నిలబడాలి. చుట్టాలకు మొహమాటం, చూస్తుంటే తినరు. అంతసేపూ డోలు మోగుతుంది, అది ఆగేదాకా వెనక్కి చూడకూడదు.

నాకు లోపల నవ్వే. కానీ పిలిచి అన్నం పెట్టేవాళ్ళ ముందు తెలివి చూపించకూడదని నేనూ తిరిగి నిలబడ్డాను. మిన్ను ముత్తమ్మ చెయ్యి పట్టుకుని ఉందనుకున్నాను. నా కొంగు పట్టుకుని ఉందని ముత్తమ్మ అనుకుంది. డోలు ఆగింది. చూస్తే పిల్ల లేదు.

ఊబిలోకి ఉరకబోతే ఇద్దరు ఆడవాళ్ళు నన్ను గట్టిగా పట్టి ఆపారు. అంతలో మిన్ను పసుపు గౌను కనిపిస్తోందని ఎవరో కేకేశారు.

ఊబి నడుమ ఒక చిన్న దిబ్బ, దాని మీద ఎండిన మోడు. ఆ మోడుకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది నా బిడ్డ. మగవాళ్ళు తడికె ముందు తడికె వేసుకుంటూ పాకుతూ పోయారు. మధ్యలో ఒకతను నడుము దాకా దిగిపోతే మిగతావాళ్ళు పైకి లాగారు. గట్టు మీంచి "లేవకు తల్లీ" అని నేను గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాను. అన్నం తినేంతసేపు కూడా కుదురుగా కూర్చోని పిల్ల, వాళ్ళు చేరేదాకా కదల్లేదు.

భుజం మీద ఎత్తుకొచ్చి నా చేతికిచ్చారు. పాదాలకు బురద లేదు. ఆ గౌను నేను కుట్టిందే. నడుము పట్టీలు పొద్దున వెనక పువ్వు ముడి వేశాను. ఆ పట్టీలు మోడు చుట్టూ తిప్పి బిగించి కట్టి ఉన్నాయట. విప్పలేక పళ్ళతో పీకానని తెచ్చినతను చెప్పాడు. మిన్నుకు అప్పటికి చెప్పుల బెల్టు పెట్టుకోవడం కూడా రాదు.

"ఎవరు కట్టిన్రు బిడ్డా?" అని ముత్తమ్మ అడిగింది.

"అక్క."

"ఏ అక్క?"

"చీర కట్టుకున్నది. మంచి వాసనొస్తది. కూసో, ఏం గాదు, మమ్మీ వస్తది అన్నది. ఆగినంక లేవాలె అన్నది."

"ఏంది ఆగేది?" అన్నాను.

"ఏమో. అక్క గట్లనే అన్నది."

ముత్తమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నేను మిన్నును వదలకుండా పట్టుకుని ఆమె పక్కనే కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెబితే, ఊళ్ళో ఆడవాళ్ళెవరో ఈ పని చేసి, భయపడి చెప్పడం లేదని శ్రీను అన్నాడు. నేనూ అదే అనుకుని మళ్ళీ ఆ ఊరికి పోయి ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మేమందరం వీపు తిప్పే ఉన్నాం కాబట్టి ఎవరు లేరో ఎవరూ చూడలేదు, నిజమే. కానీ తడికెలు లేకుండా మగవాళ్ళే పోలేని చోటికి, బురద అంటకుండా పిల్లను ఎత్తుకుని ఎవరు పోగలరు? పోయినా తిరిగి ఎలా వస్తారు? నాకు ఇప్పటికీ తెలియదు. మిన్ను పెద్దదైంది, దానికి అదేమీ గుర్తు లేదు.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఆ విమానం పిల్లను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఆమె పేరేమిటో, ఏ ఊరి పిల్లో ముత్తమ్మకూ తెలియదు. పొద్దున తయారై, అమ్మకు చెప్పి డ్యూటీకి పోయి ఉంటుంది. ఆ తల్లి ఇంకా బతికి ఉంటే, ఎక్కడుందో తెలిస్తే, ఎంత దూరమైనా పోయి ఆమె చేతులు పట్టుకుని ఒక్క మాట చెప్పేదాన్ని. అమ్మా, మీ బిడ్డ నా బిడ్డను చూసుకుంది.