గోదావరి ఇసుకలో బాపు చూపించిన ఎడారి

నా బల్ల మీద ఎప్పుడూ ఒక రంగుల కరపత్రాల కట్ట ఉంటుంది. హైదరాబాదులో, సముద్రం అవతలి ఎడారి నగరానికి యాత్రికులను పంపే ఆఫీసులో, ఫోనెత్తి మాట్లాడే ఉద్యోగం నాది. ఇసుక తిన్నెల మీద జీపు సవారీ, ఒంటె సవారీ, చెక్క మీద కూర్చుని జారడం, పొద్దుగూకే వేళ గుడారంలో ఖర్జూరాలు, వేడి కహ్వా కాఫీ అంటూ ఆ కాగితం నిండా బొమ్మలే. కొత్త కట్ట విప్పితే వచ్చే సిరా వాసనకు ఎడారితో ఏ సంబంధమూ లేదు గానీ, నాకు మాత్రం కాళేశ్వరం దగ్గరి ఎండిన గోదావరి గుర్తొస్తుంది. ఆ బొమ్మల్లోవన్నీ నేను పదేళ్లప్పుడే అక్కడ చూసేశాను.

మాది ఘనపూర్. మా బాపు ఆ ఎడారి నగరంలోనే, చూడవచ్చినవాళ్లను జీపులో తిన్నెల మీద తిప్పే డ్రైవరు. రెండేళ్లకోసారి ఎండాకాలంలో వచ్చేవాడు. ఆ ఏడు ఆయన వచ్చేసరికి ఊరు ఊరంతా తెలంగాణ కోసం రోడ్డు మీదే ఉంది. ఇళ్లలో మామిడికాయ తొక్కు వాసన, చౌరస్తాలో దీక్షా శిబిరం, పొద్దస్తమానం డప్పులు, పాటలు, ఇవాళ బందు అంటే రేపు ఊరేగింపు. ఆ శిబిరంలో మా సారు నన్ను బల్లెక్కించి మైకు ఇస్తే, "మన మాటను ఎక్కిరిస్తె ఊకునేది లేదు" అని గొంతు చించుకున్నాను. చప్పట్లు కొట్టినవాళ్లలో బాపు కూడా ఉన్నాడు. నాకిక భూమ్మీద కాళ్లు ఆనలేదు.

మర్నాడు కాళేశ్వరం పోయాం. స్నానాలు, దర్శనం అయ్యాక, అమ్మ కట్టుకొచ్చిన సర్వపిండి తిని, ఒడ్డున చెట్ల నీడలో మధ్యాహ్నమంతా దొర్లి, ఎండ మెత్తబడ్డాక ఇసుకలోకి దిగాం. ఏటి మధ్య సన్నగా పారే పాయ, దాని పక్కన పుచ్చతీగలు, మిగతాదంతా కంటికి ఆనినంత మేర ఇసుకే. "ఇగ సూడుండ్రి, నా కొలువు సూపిస్త" అని బాపు నాలుగు కట్టెలు పాతి అమ్మ చీర కప్పి గుడారం చేశాడు. తాటిమట్ట మీద నన్ను కూర్చోబెట్టి గడ్డ మీంచి కిందికి జార్చాడు. తనే ఒంటె అయ్యాడు. ఒంటె ముందుగా వెనక కాళ్లు లేపుతుందట, నేను ముందుకు బోర్లా పడబోతే అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. స్నానాలకొచ్చిన జనం మా చుట్టూ మూగారు. బాపులో ఇంత హుషారు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు జీపాట మొదలైంది. బాపు నా ముందు కూర్చుని, లేని స్టీరింగు పట్టుకుని, "అందరూ గట్టిగా పట్టుకోండండీ, మనం ఇప్పుడు తిన్నె దిగబోతున్నాం" అన్నాడు. ఆ గొంతు బాపుది, ఆ మాట మాత్రం మమ్మల్ని ఎక్కిరించే సినిమాలది.

"బాపూ, నువ్వు ఆడ గిట్ల మాట్లాడుతవా?"

బాపు మొహం చిన్నబోయింది. "తెలుగోళ్లు శానమంది వస్తరు బిడ్డా. మొదట్ల మన మాటనే మాట్లాడిన. ఒకాయన నాతోని మళ్ల మళ్ల అనిపిచ్చి, ఫోన్ల రికార్డు జేసుకొని నవ్విండు. గప్పటిసంది గిది నేర్చుకున్న. నవ్వులపాలైతె సేటు పనిల ఉంచుకోడు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నిన్న మైకులో అరిచిన నేను ఎవరి కోసం అరిచినట్టు? ఆడ కూడా మన మాటే మాట్లాడతానని ఒట్టు వేయమని చెయ్యి చాపాను. ఆయన చెయ్యి వేయలేదు. తిండి పెట్టే పని అది, ఎట్లా వేస్తాడు. కాసేపటికి మళ్లీ స్టీరింగు పట్టుకుని, "జర గట్టిగ పట్టుకోండ్రి. దిగేటప్పుడు కడుపుల తిప్పుతది, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. ఎక్కిరింత లేదందులో. ఒక ముసలవ్వ వచ్చి నా వెనక కూర్చుని, "నన్ను గూడ తిప్పు కొడుకా" అంది. లేని ఎడారిని ఇంత బాగా చూపించే మనిషిని నేను ఇప్పటికీ ఎక్కడా చూడలేదు.

బాపు తిరిగి వెళ్లిన కొన్ని నెలలకు, ఒక ఆదివారం ఫోన్లో మెల్లగా చెప్పాడు. "నిన్న మన మాటనే చెప్పిన బిడ్డా."

"నవ్విండ్రా?"

"నవ్విండ్రు. నేను మాట ఆపలే. జీపు దిగినంక ఒక పెద్దమ్మ నా చెయ్యి వట్టుకొని, మాది జనగామ కొడుకా అని ఏడ్సింది."

ఆ తర్వాత ఆయన ఇక మాట మార్చలేదు, సేటూ ఆయన్ను తీసేయలేదు.

తెలంగాణ వచ్చింది, బాపూ ఇంటికొచ్చేశాడు. చౌరస్తాలో శిబిరం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు. దిగువన ఏటికి అడ్డంగా బరాజు కట్టాక మేము జీపాట ఆడిన ఇసుక మీద నీళ్లు నిలిచాయి. ఆ పుచ్చతీగలూ లేవు.

పోయిన వారం బాపు మా ఆఫీసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. "నమస్కారం అండీ, ఏ తేదీకి వెళ్దామనుకుంటున్నారండీ" అని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ ఆ అండీల మాటలోనే పది నిమిషాలు మాట్లాడి పెట్టేశాను. తలెత్తితే బాపు నా వైపే చూస్తున్నాడు. ఆయన కళ్లలో కోపం లేదు. దెబ్బ తగిలి వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తున్నాడు.

"నిన్ను సూసి ఎవలు నవ్విండ్రు బిడ్డా?" అన్నాడు.