సర్వేయర్ గారి వెనక గోడ

మా వెనకింటి సర్వేయర్ బాబాయ్ గారు పోయారని పాలాయన చెబితే నేను నమ్మలేదు. ముందు రోజు సాయంత్రం కూడా ఖాళీ స్థలంలో చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే మా మేడ మీంచి చూశాను. కొన్ని నెలలుగా ఆయన్ని కనిపెట్టి చూస్తూనే ఉన్నాను లెండి. ఆయన మీద నాకు అనుమానం. పోయినాయన గురించి రాస్తూ ఈ మాట దాచడం నాకు చేతకాదు.

అనుమానంలో ఆయనా తక్కువేం కాదు. ఉద్యోగం అయిపోయినా జేబులో టేపు వదల్లేదు. కొట్లో జాకెట్టు ముక్క కొలిచి ఇస్తే పక్కకెళ్ళి మళ్ళీ కొలిచేవారు. పిన్నిగారికి మూర పూలు కొన్నా, పూలమ్మి చేత్తో కాదు, తన చేత్తోనే మూర వేయాలి. ఆయన చెయ్యేమో ఇంత పొడుగు. పూలమ్మి తిట్టుకుంటూనే ఇచ్చేది. ఎ.కొండూరు వైపు అన్నదమ్ములెవరో పొలం గట్టు కోసం కొట్టుకుంటే, బస్సెక్కి వెళ్ళి ఈ చివర నుంచి ఓసారి, ఆ చివర నుంచి ఓసారి కొలిచి వచ్చారట. "ఒకవైపు నుంచి కొలిస్తే సగమే తెలుస్తుంది అమ్మాయ్" అనేవారు.

మా రెండిళ్ళ మధ్య ఖాళీ స్థలం లేఅవుట్‌లో పార్కుకని వదిలింది. పార్కు రాలేదు గానీ, పిల్లల ఆటలూ మా వడియాలూ అక్కడే. లేఅవుట్ వేసినాయన, స్థలం బదులు ఫీజు కడతాను, ప్లాట్లుగా అమ్ముకోనివ్వండి అని మున్సిపల్ కౌన్సిల్‌కి అర్జీ పెట్టాడు. అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు వేశారు. ఆ ఫీజుతో కాలవలు బాగుపడతాయని కొందరన్నారు. నాకు ఆ మాట మీదా నమ్మకం లేదు.

అభ్యంతరం రాసింది బాబాయ్ గారొక్కరే. సంతకం కోసం మా ఇంటికి తెచ్చారు. నా కళ్ళు కాగితం మీద లేవు, కిటికీలోంచి కనిపించే ఆయన వెనక గోడ మీద ఉన్నాయి. అంతకుముందే మా అమ్మాయి పురుటికని మూడు నెలలు ఊళ్ళో లేను. వచ్చేసరికి ఆయన కొత్త గోడ కట్టేశారు. వాళ్ళ బట్టలుతికే బండ గోడకి బయట, పార్కు స్థలంలో ఉంది. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు బండ వేశాడు, రేపు ఈ మూల ఈయనదే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, వీధంతా చెప్పాను.

"మావారిని అడిగి చెప్తానండి" అన్నాను.

ఆయన నా చూపు ఎటుందో చూశారు. "అనుమానం ఉండాల్సిందే అమ్మాయ్. కొలిచి అనుమానించు" అని కాగితం మడుచుకుని వెళ్ళిపోయారు.

వీధిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఆయన ఒక్క సంతకంతోనే కాగితం వెళ్ళింది. కౌన్సిల్ వాళ్ళు నిర్ణయాన్ని వచ్చే సోమవారం మీటింగుకి వాయిదా వేశారు. అప్పటిదాకా అభ్యంతరాలు ఇవ్వొచ్చన్నారు. ఈలోపే ఆయన వెళ్ళిపోయారు.

వీధి ఇరుకని షామియానా ఆ ఖాళీ స్థలంలోనే వేశారు. గోడ కట్టిన మేస్త్రీ వినగడప నుంచి వచ్చి, నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా నోరు ఊరుకోదుగా.

"ఆ బండ బయటెందుకు వేయించారయ్యా?" అని అడిగాను.

"బండ ఎక్కడిదక్కడే ఉందమ్మా. గోడే లోపలికి జరిగింది" అన్నాడు. కాలితో మట్టి పక్కకి నెట్టాడు. బండకి ఇవతల పాత గోడ పునాది ఇటుకలు వరసగా కనిపించాయి.

అర్జీ సంగతి తెలియగానే బాబాయ్ గారు పాత ప్లాను తెచ్చి కొలుచుకున్నారట. ఇల్లు కట్టినప్పుడు తన గోడే నాలుగడుగులు పార్కులోకి వచ్చిందని తేలిందట. "ఇది పడగొట్టకుండా నేను కాగితం రాయకూడదు" అన్నారట. బండ లోపలికి లాగుతానని మేస్త్రీ అంటే, ఎవరైనా కూర్చుంటారులే, ఉండనీ అన్నారట.

సిగ్గుతో భోరున ఏడ్చాను. పిన్నిగారే వచ్చి నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

మర్నాడు కొత్త కాగితం రాసి ఇల్లిల్లూ తిరిగాను. ఆయన గురించి నేను చెప్పింది తప్పని ప్రతి గుమ్మంలో ఒప్పుకుని సంతకం అడిగాను. కొందరు పెట్టారు. కొందరు ఇందులో నీకేంటి లాభం అన్నట్టు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

రేపే సోమవారం. సంతకాల కాగితం సంచిలో పెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే, పిన్నిగారు వెనక తలుపు తీసుకుని వచ్చి ఆ బండ మీద ఓ చివరకి కూర్చున్నారు, పక్కన ఇంకొకరికి చోటు వదిలి.