బాలమణి ఇంట్లో మూడో గ్లాసు

మా వారి అక్క సులోచన వదిన ఈ నెలాఖరుకు రిటైర్ అవుతోంది. మానసిక జబ్బు ఉన్నవాళ్లను ఇళ్లకే వెళ్లి చూసుకునే ఒక స్వచ్ఛంద సంస్థలో ఆమె పాతికేళ్లకు పైగా పనిచేసింది. మందులు సరిగ్గా వాడుతున్నారా, చేతికి ఏదైనా పని దొరికిందా, ఇంట్లోవాళ్లు మనిషిగా చూస్తున్నారా, ఇవి కనుక్కోవడమే ఆమె ఉద్యోగం. ఇన్నేళ్లలో ఆమె ఎక్కడికి వెళ్తుందో మేమెవరం చూడలేదు. "వదినా, ఒక్కరోజు నేన్గూడ నీ ఎంబడి వస్త" అంటే నవ్వింది. "వచ్చి ఏం జేస్తవ్ మంజులా? ఆటో కిరాయి రాస్కుంటవా?" అంది. రాసుకున్నాను కూడా. ఇంట్లో ఇలాంటి జబ్బున్న మనిషి ఉండి, పల్లెల్లో ఈ సాయం ఎలా అందుతుందో చూడాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

పొద్దున ఏడున్నరకు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాం. రాత్రి షిఫ్టు దిగినవాళ్లతో కంపెనీ బస్సులు ఎదురొచ్చే వేళ కాబట్టి రోడ్డు నెమ్మదిగానే కదులుతుంది. ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు ఉండవు. సంగారెడ్డి బస్టాండులో వదిన స్థానంలోకి వస్తున్న నర్సు స్వరూప కలిసింది. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ముప్పై రూపాయల ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని కూడా ఆమె సరిగ్గా తినలేదు. కారణం బస్సులో తెలిసింది.

మేం వెళ్తున్నది బాలమణి ఇంటికి. ఇది అసలు పేరు కాదు, ఊరి పేరూ చెప్పను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. నెలకో ఇంజెక్షన్ మీద ఆమె బాగానే ఉంటుంది. ఒకప్పుడు అది ఆగిపోతే, చెవిలో ఎవరో పిలుస్తున్నారని ఇల్లు వదిలి నడిచి వెళ్లిపోయింది. ఎన్నో రోజులకు బొల్లారంలో, కంపెనీ బస్సులు ఆగే చోట, చెప్పుల్లేని కాళ్లతో దొరికింది. అప్పటి నుంచీ వదిన వెంట లేకుండా ఏ నర్సు వచ్చినా తలుపు తీయదు. స్వరూప ఒక్కతే వెళ్లినప్పుడు లోపలి నుంచి గడియ పెట్టుకుంది. వదిన ఉద్యోగంలో ఉండగా ఇదే చివరి ఇంజెక్షన్. ఇవాళ స్వరూపను ఒప్పుకోకపోతే వచ్చే నెల సంగతేమిటో ఎవరికీ తెలియదు.

నర్సాపూర్ వెళ్లే బస్సులో హత్నూర వైపు వెళ్లి, దారిలో దిగి ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై. డ్రైవర్ యూసుఫ్ భాయ్ వదినను గుర్తుపట్టాడు.

"గిర్ని బాలమణి కాడికేనా అమ్మా? జల్దీ కూసోండ్రి. మా ఇంటి జొన్నలు గూడ ఆడనే ఉన్నయ్."

వదిన నా చెవిలో అంది: "ఇదే ఆటోల మొదట్ల 'పిచ్చి బాలమణి' అనేటోళ్లు."

బాలమణి తమ్ముడి ఇంటి ముందు గదిలో పిండి గిర్ని నడుపుతోంది. దాని మోతలో చెవిలోని మాటలు వినిపించవని ఆమె ఎంచుకున్న పని అట. మమ్మల్ని చూసి మోటారు ఆపింది.

"బాలమణీ, దూపైతుంది. నీళ్లియ్యి" అంది వదిన, వాకిట్లో మంచం మీద కూర్చుంటూనే.

బాలమణి రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి వదినకు, ఒకటి కొత్త చుట్టాన్నని నాకు. స్వరూప వైపు చూడలేదు. నేనేమో అలవాటు కొద్దీ, "నా దగ్గర సీసా ఉందమ్మా" అని బ్యాగులోంచి తీశాను. పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల వ్యర్థాలు కలిసిన బోరు నీళ్లకు భయపడి బతికినవాళ్లం, ఎక్కడికెళ్లినా సీసా మోసుకెళ్తాం. బాలమణి గ్లాసుతో అలాగే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి గిర్ని వేసింది. మాట్లాడినా వినపడని మోత.

వదిన నా వైపు వంగింది. "ఆమె చేతి నీళ్లు ఆళ్లింట్లనే చానా ఏండ్లు ఎవ్వలు తాగలే. గందుకే నేను పోంగనే ఆమెనే అడుగుత. చేతులు వణుకుతున్నయా, మనసు ఎట్లున్నది, ఆ గ్లాసుతోనే సగం ఎర్కైతది."

నేను లేచి క్షమించమని అడుగుదామనుకునేలోగా స్వరూప వెళ్లి గిర్ని గుమ్మంలో నిలబడింది. మోత మీద అరిచింది.

"అక్కా! ఆమె వద్దన్న నీళ్లు నాకియ్యవా? నాకు దూప గాదా?"

మోటారు ఆగింది. బాలమణి ఆమెను కిందికీ మీదికీ చూసింది. "నీకు సీసా లేదా?"

"లేదు. ఉన్నా ఎవలు మోస్తరు, ఎండల!"

"ఆమె పట్నపామె తియ్యి. మన నీళ్లు పడయి" అంటూ నా వైపు గడ్డం ఎగరేసింది బాలమణి. వదిన పగలబడి నవ్వింది. బాలమణి లోపలికి వెళ్లి కొత్త గ్లాసు తెచ్చింది. స్వరూప నిలబడే గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగింది. నేను నా సీసాను మందారం మొదట్లో ఒంపేసి చెయ్యి చాచాను.

"ఏంది, ఒడిసిందా?" అంది బాలమణి. ఇచ్చింది. గ్లాసు మీద జొన్నపిండి వేలిముద్రలున్నాయి. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఇంజెక్షన్ వేళకు వదిన ఎప్పటిలాగే మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయింది. బాలమణి గుమ్మంలో ఆగి స్వరూపను చూసి "రా" అంది. తర్వాత వదినతో, "నువ్వు గీడనే కూసో సులోచనమ్మా. మోకాళ్లు నొస్తయని పోయినసారి అనలేదా" అంది. తలుపు దగ్గరగా వేసుకున్నారు. వదిన మళ్లీ కూర్చుని, తన గ్లాసులో మిగిలిన నీళ్లు మెల్లగా తాగింది.

తిరుగు బస్సులో వదిన కిటికీకి తల ఆన్చి నిద్రపోయింది. పాతికేళ్లు ఆమె ఇల్లిల్లూ తిరిగి సంపాదించింది ఆ గుమ్మంలో వినబడిన "కూసో" అన్న మాటే అనిపించింది. తను లేకపోయినా ఆ తలుపు తెరుచుకుంటుంది. మా ఇంట్లో ఎవరైనా రిటైర్ అయితే శాలువా కప్పుతాం. వదినకు ఏం ఇవ్వాలో నాకింకా తోచలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నీళ్ల గురించి అనుమానం ఉంటే ముందురోజే ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి కాచి చల్లార్చి ఉంచమనండి. అడగడం మాత్రం ఆ మనిషినే అడగండి, మీ సీసా బ్యాగులోనే ఉండనివ్వండి.