ఒకటో నంబరు ఆరుద్ర పురుగు

నిన్న పొద్దున, ఇప్పుడు నేను పనిచేసే బడికి పోయే చిలమత్తూరు బస్సులో ఒక గొర్రెల కాపరి ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. తడిసిన కంబళి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తడి ఉన్ని వాసన బస్సంతా పరుచుకుంది. కండక్టరు మొహం చిట్లించాడు, నా పక్కనున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. చూసినవాళ్లు ఏమనుకుంటారోనని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆ వాసన వస్తే చాలు, నాకు ఈశ్వరమ్మ మేడమ్ గుర్తుకొస్తారు.

తొంభైల చివర్లో కంబదూరు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. మాది ధర్మవరం, పట్టు మగ్గాల ఇల్లు. నేను లెక్కల టీచరుని. ఈశ్వరమ్మ మేడమ్ సైన్సు చెప్పేవారు. పొడుగు మనిషి, ఆ పొడుగుకు తగ్గ గొంతు. భర్త రాజకీయాలంటూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, తెల్లవారుజామునే చేను చూసుకుని, చీర అంచుకు అంటిన ఎర్రమన్ను దులుపుకుంటూ బెల్లు కొట్టేలోపు బడికి వచ్చేవారు. నేను చేరిన రోజున వరండాలో నడుస్తుంటే తొమ్మిదో తరగతిలో ఆమె హాజరు పిలుస్తున్నారు.

"రెండో నంబరు, గిజిగాడు!"

ఒక అమ్మాయి లేచి, "ప్రెజెంట్ మేడమ్!" అంది.

"యాడ చూసినావు?"

"మా బాయికాడ తుమ్మచెట్టుకు గూడు కడతాండాది మేడమ్."

"మూడో నంబరు, పాలపిట్ట!"

నేను అక్కడే ఆగిపోయాను. పిల్లల హాజరు అయిపోయాక ఆమె రెండో పట్టీ తెరిచేవారు. అందులో పిట్టలు, పురుగులు, సీతాకోకచిలుకలు. బడికి వచ్చే దారిలో ఎవరు దేన్ని చూస్తే వాళ్లు దాని తరఫున లేచి 'ప్రెజెంట్' చెప్పాలి. ఎక్కడ చూశారో చెప్పాలి. చెబితే 'పి', లేకపోతే 'ఏ'. ఇదేం పిచ్చి అని స్టాఫ్‌రూములో నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. నెల తిరిగేసరికి నేనే బస్సు దిగి నడుస్తూ చెట్లకేసి చూడటం మొదలుపెట్టాను. "మీ మగ్గాల పిట్ట కనపడిందా పద్మా?" అని, గూడు నేసే గిజిగాడిని మా ఇంటి పనితో ముడిపెట్టి మేడమ్ నన్ను ఏడిపించేవారు.

ఆ పట్టీలో ఒకటో నంబరు ఆరుద్ర పురుగుది. ఆరుద్ర కార్తెలో మొదటి వాన పడగానే నేలలోంచి పైకొచ్చే చిన్న ఎర్ర పురుగు. మఖ్మల్ ముక్కకు కాళ్లొచ్చినట్టు ఉంటుంది. మొదటి ఏడాది నేనొక పురుగును అగ్గిపెట్టెలో పెట్టి ధర్మవరం తీసుకుపోయి మా నాయనకు చూపించాను. ఆయన మగ్గం దిగి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ ఎరుపు ఇంతవరకు నా చేతికి రాలేదమ్మా" అన్నారు. దాన్ని మళ్లీ కంబదూరు తీసుకెళ్లి, పట్టుకున్న చోటే వదిలి రమ్మని పంపించారు.

పదో తరగతికి భూమి ఎందుకు వేడెక్కుతోందో చెప్పిన పాఠం మాత్రం బడి మొత్తం గుర్తుపెట్టుకుంది. మేడమ్ గొర్రెలవాళ్ల దగ్గర నాలుగు కంబళ్లు అడిగి తెచ్చారు. తుంపరలో తడిసి సగమే ఆరినవి. డ్రాయింగ్ మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి ఒకటి కప్పారు.

"భూమికి ఒక కంబళి ఉండాల. లేకుంటే చలికి బిగుసుకుపోతాది. పొద్దున పూట సారుకు ఎట్లుండాది? హాయిగా ఉండాది. మనం ఏం చేస్తాండాం? బొగ్గు కాల్చి, పెట్రోలు కాల్చి, ఆ పొగతో ఇంకోటి కప్పుతాండాం. దానిమీద ఇంకోటి."

నాలుగోది కప్పేసరికి లోపలినుంచి మాస్టారి గొంతు వినిపించింది. "మేడమ్, నేను ఉడికిపోతాండా! ఈ కంపుకు చస్తాండా!"

తరగతి పగలబడి నవ్వింది. మేడమ్ కూడా నవ్వి కంబళ్లు లాగేశారు. తర్వాత అదే గొంతుతో, "సారుకు నోరుండాది, అరిచినాడు. ఆరుద్ర పురుగుకు నోరు యాడిది? మన్నులో పండుకోని వానకోసరం కాసుకోని ఉంటాది. దాని తిండి ఉసుళ్లు. అవీ వానకే లేస్తాయి. ఎండలు ముదిరి, వాన నెల తప్పి, ఇదొకప్పుడు అదొకప్పుడు లేస్తే ఏమైతాది? పస్తు. రేపు దీన్ని నమ్ముకున్నదానికీ పస్తే" అన్నారు. పిల్లలు నవ్వు ఆపేశారు. నేను కిటికీ బయట నిలబడి విన్నాను, నా తరగతి సంగతి మరిచిపోయి.

ఆమె రిటైరయ్యే ముందు ఏడాది ఒకటో నంబరు రానేలేదు. బడిలో పిల్లలు చాలాకాలం రాకపోతే పేరు కొట్టేస్తారు. ఆమె కొట్టేయలేదు. "ఒక ఏడు రాకుంటే కరువు అనుకుంటాం. వరసగా రాకుంటే ఏమనుకోవాల్నో ఈ పట్టీనే చెప్పాల" అన్నారు.

మరుసటి ఏడు జులై ఆఖరున ఆమె రిటైర్మెంటు. ఆరుద్ర కార్తె పొడిగానే పోయింది. కూతురి కాన్పుకని బెంగళూరుకు వెళుతూ పట్టీ నా చేతిలో పెట్టారు. "బడి వదిలి పొయ్యేలోపల దాన్ని ఒక్కసారి చూస్తే చాలు పద్మా" అన్నారు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. వారం చూశాను, చుక్క పడలేదు. ఆమె తిరిగొచ్చే రోజు పొద్దున ఒకటో నంబరు ఎదురుగా 'పి' రాసేశాను.

ఆమె పట్టీ తెరిచి చూసి చిన్నపిల్లలా నవ్వారు. నేను కాస్త స్థిమితపడ్డాను. అంతలోనే అడిగారు.

"యాడ చూసినావు?"

"శెనక్కాయ చేన్లో మేడమ్."

"ఎవరి చేను?"

ఆమె నన్ను బడి వెనక చేలోకి తీసుకెళ్లి కాలివేలితో నేలను గీశారు. లోపల కూడా దుమ్మే. ఆమె మొహంలో నవ్వు పోయింది. దాన్ని పోగొట్టింది నేనే.

"నా మీద ప్రేమతోనే రాసినావు, తెలుసు. లేనిదాన్ని ఉండాదని రాస్తే, అది ఎప్పుడు పోయిందో ఎవురికీ తెలీదు పద్మా. రేపు ఏడ్సాలన్నా లెక్క ఉండొద్దా?"

ఎర్ర సిరాతో ఆ 'పి' కొట్టేసి 'ఏ' రాశారు. పక్కన నా చేత సంతకం పెట్టించారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లెక్కల టీచరుగా అంతకంటే పెద్ద తలవంపు నాకు మళ్లీ జరగలేదు.

జులై ఆఖరు రోజున వీడ్కోలు సభ. మా నాయన నేసిన ఎర్ర పట్టుచీర కట్టుకుని మేడమ్ వేదిక మీద కూర్చున్నారు. ముందురోజు సాయంత్రం మంచి వాన పడింది, ఆ ఏటికి అదే మొదటిది. హెడ్మాస్టరుగారు ఆమె క్రమశిక్షణ గురించి మాట్లాడుతుండగా వెనకనుంచి ఒక కేక వినపడింది.

"మేడమ్! ఒకటో నంబరు ప్రెజెంట్!"

మేడమ్ మెడలో దండతోనే వేదిక దిగి బడి వెనక చేలోకి పరుగెత్తారు. ఆమె వెనక పిల్లలు, పిల్లల వెనక మేము. హెడ్మాస్టరుగారు మైకు ముందు కాసేపు నిలబడి, చివరికి ఆయనా వచ్చారు. మేడమ్ కొత్త చీరతో బురదలో మోకాళ్లమీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఏడు. ఒకప్పుడు చేయి చాపితే గుప్పెడు దొరికేవట. ఒకదాన్ని కొంగుమీద పెట్టుకుని రంగులు పోల్చి చూశారు.

"మీ నాయనకు చెప్పు, రంగులో ఇంకొక్క మునక వేయాలంట!" అని పెద్దగా నవ్వారు. నేను నవ్వుతూనే ఏడ్చేశాను. ఆమె మట్టిచేత్తోనే పట్టీ నాకిచ్చి, "ఏడు అని రాయి. ఎక్కువొద్దు, తక్కువొద్దు" అన్నారు. నామీద కోపం పోయిందని అప్పుడు అర్థమైంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ పట్టీ నిండిపోయి, ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. మొదటిదాంట్లో ఆ ఎర్ర కొట్టివేత, నా సంతకం అలాగే ఉన్నాయి. కొత్త టీచర్లు వస్తే ముందు ఆ పేజీయే చూపిస్తాను. పోయిన రెండేళ్లూ ఒకటో నంబరు ఎదురుగా 'ఏ' రాశాను. మనసొప్పకపోయినా రాశాను.

నిన్న బస్సులో ఆ కాపరిని అడిగాను, "ఏమప్పా, వాన యాడ పడింది?" అని. "మొన్న ముందొచ్చే బడి తావే బాగా పడిందమ్మా" అన్నాడు. అది మా బడే. బడికి రాగానే పట్టీ తెరిచాను. "ఒకటో నంబరు, ఆరుద్ర పురుగు!" అని పిలిచాను. పెన్ను 'ఏ' రాయడానికి సిద్ధమైంది. అప్పుడు ఆఖరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "ప్రెజెంట్ టీచర్" అంది.

చాలా సంతోషమేసింది. అయినా 'పి' రాయలేదు. ముందు అడగాల్సింది అడిగాను.

"యాడ చూసినావు?"