నాలుగు వందల కిలోలూ రెండు నిమ్మకాయలూ

ఆ రోజుల్లో నేను యువతరాన్ని. యువకుణ్ణని చెప్పుకోవడం కాదు, యువతరం మొత్తం నేనే. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర, మోటారు సైకిళ్ళు తయారుచేసే ఒక పెద్ద కంపెనీకి డిజైన్ పని చేసిపెట్టే చిన్న ఆఫీసు మాది. పద్దెనిమిది మందిమి ఉండేవాళ్ళం. నన్ను మినహాయిస్తే అందరిలోకీ చిన్నవాడికి నలభై ఏడు. నాకు ఇరవై ఎనిమిది. అందుచేత ఏ మీటింగులోనైనా "మరి కుర్రాళ్ళు దీనికేమంటారు?" అనే ప్రశ్న వస్తే పదిహేడు తలలు ఒక్కసారిగా నా వైపు తిరిగేవి. నేను సాంబారన్నం డబ్బా పక్కకి జరిపి, అమెరికా యువతరం తరఫున ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. (ఆ యువతరంలో అప్పటికి నాకు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా అపార్టుమెంటుకి పిజ్జా తెచ్చే అబ్బాయి, ఇంకొకరు పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు ఇచ్చే అమ్మాయి.)

ఆ యేడు మా నెత్తిన పడింది ఒక కొత్త టూరింగ్ బండి. టూరింగ్ బండంటే మనవైపు ఆఫీసుకీ కూరగాయలకీ వాడే బండి కాదు. రోజుకి ఐదారు వందల మైళ్ళు కదలకుండా కూర్చుని పోవడానికి చేసింది. ముందు కారుకున్నంత అద్దం, వెనక సామానుకి మూడు పెట్టెలు, రేడియో, చలికి వేడెక్కే సీటు, వెనక కూర్చునేవాళ్ళకి వీపు ఆనుకునే కుర్చీ. బరువు నాలుగు వందల కిలోలు. కొనేవాళ్ళంతా అరవై దాటినవాళ్ళు. మొదటి మీటింగులో మా మేనేజరు ఒక రైడర్ల క్లబ్బు ఫొటోలు, ఏడాదికొకటి చొప్పున తెర మీద వేసి చూపించాడు. ఫొటో మారినప్పుడల్లా మనుషులు కొంచెం తగ్గుతూ వచ్చారు. ఆఖరి దాంట్లో బళ్ళకంటే చేతికర్రలే ఎక్కువ. "మన కస్టమర్లు చనిపోతున్నారు," అన్నాడాయన, కొట్లో సరుకు అయిపోయిందని చెప్పే గొంతుతో. "ఈ బండి కుర్రాళ్ళకి నచ్చకపోతే మన ఆఫీసుకి ఇదే ఆఖరి బండి." పదిహేడు తలలూ నా వైపు తిరిగాయి.

ఆఫీసు మూతపడితే మిగతావాళ్ళకి ఉద్యోగం పోతుంది. నాకు దాంతోపాటు దేశం కూడా పోతుంది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడి బతుకు అంతే. గ్రీన్‌కార్డు కాగితాలు సగంలో ఉన్నాయి, మా ఆవిడకి ఏడో నెల, ఇన్సూరెన్సు ఆఫీసుది. పైగా ఇంటర్వ్యూలో నేనొక గొప్ప చెప్పుకుని ఉన్నాను. మోటారు సైకిల్ అనుభవం ఉందా అని అడిగితే, "పదహారో ఏటి నుంచీ" అన్నాను. అబద్ధమేమీ కాదు. కాకపోతే నేను నడిపింది మా బాబాయిగారి వంద సీసీ బండి. అది ఎటు ఒరిగితే అటు కాలు చాపి ఆపేవాణ్ణి. ఇక్కడ మోటారు సైకిల్ లైసెన్సు కూడా అలాంటి బుల్లి బండి మీదే తెచ్చుకున్నాను.

మా ఆఫీసులో కొత్త బళ్ళు నడిపి చూసి మంచిచెడ్డలు రాసే పని ఒకాయనది. అరవై మూడేళ్ళు, తెల్లగడ్డం, పాతికేళ్ళుగా అదే పని. పేరెందుకు, నేను పెద్దాయన అంటాను. ఆ ఫొటోల్లోని క్లబ్బు ఆయనదేనని మీటింగయ్యాక తెలిసింది. "పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు కలుసుకునేది ఎక్కువగా అంత్యక్రియల్లోనే. ఒకటి మాత్రం మేలు, పార్కింగుకి చోటు బాగా దొరుకుతోంది," అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక దగ్గాను.

ఆ మధ్యాహ్నమే నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి బండి హేండిల్ చేతికిచ్చి, స్టాండు మీంచి లేపమన్నాడు. లేవలేదు. "చూశావా కిడ్. వీళ్ళు రేడియో మారుద్దాం, రంగులు మారుద్దాం అంటున్నారు. అసలు రోగం బరువు. నెమ్మదిగా తిప్పేటప్పుడు ఒరిగిందంటే కొత్తవాడు ఆపలేడు. ఒకసారి పడేసినవాడు మళ్ళీ దీని జోలికి రాడు. ప్రతి మోడల్‌కీ ఓ నలభై కిలోలు తగ్గించండని ఏళ్ళ తరబడి రాస్తున్నాను. ముసలాడికి మోకాళ్ళ నొప్పులనుకుంటున్నారు. నువ్వు రాస్తే వింటారు. నువ్వు యువతరానివి కదా," అన్నాడు. తప్పకుండా రాస్తానని మాటిచ్చాను. మాటిచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చాను.

ఆ శుక్రవారం నమూనా బండి నాకిచ్చారు. శని, ఆదివారాలు ఇంటి దగ్గర నడిపి, సోమవారం రిపోర్టు రాయాలి. పెద్దాయనే దాన్ని తెచ్చి మా అపార్టుమెంటు ముందు నిలబెట్టి, నెమ్మదిగా ఉన్నప్పుడు ముందు బ్రేకు మాత్రం పట్టుకోకు అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. అప్పటికి కూతురి పురుడు కోసం మా అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు. మామగారు ఆర్టీసీలో ముప్ఫై యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. అమెరికా వచ్చి నెల దాటినా ఆయన కంటికి ఇక్కడేదీ పెద్దగా ఆనలేదు. ఈ బండి చుట్టూ మాత్రం రెండుసార్లు తిరిగారు.

"అల్లుడుగారూ, ఇది బండేంటండీ. మా సూపర్ లగ్జరీ బస్సుకి రెండు చక్రాలుంచి మిగతావి పీకేసినట్టుంది," అన్నారు. వెనక కుర్చీ నొక్కి చూసి, "పూజ చేయించారా?" అని అడిగారు.

"మనది కాదండీ మామయ్యగారూ. కంపెనీది. సోమవారం ఇచ్చేయాలి."

"నేను నడిపిన బస్సులు మాత్రం మా నాన్నగారివా ఏంటండీ? కొత్త బస్సు చేతికిస్తే నిమ్మకాయలు తొక్కించకుండా ఒక్కనాడు కూడా డిపో గేటు దాటించలేదు. ముప్ఫై యేళ్ళు. ఒక్క యాక్సిడెంట్ లేదు."

దీనికి ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ జవాబు నేర్పరు. మా ఆవిడ మేడ మీంచి కుంకుమా పసుపూ తెచ్చింది. కారు అద్దమంత అద్దానికి ఆయన నిండుగా బొట్టు పెట్టారు. తరవాత రెండు నిమ్మకాయలు, ముందు చక్రానికొకటి, వెనక చక్రానికొకటి. ఇక్కడే వచ్చింది చిక్కు. మన నిమ్మకాయ పలచటి తోలుది, చక్రం ఆనగానే చితుకుతుంది. అమెరికా కొట్లో నిమ్మకాయ కోడిగుడ్డంత ఉంటుంది, తోలు దళసరి, మెరవడానికి పైన మైనం. ఆ సంగతి ఆయనకి తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది.

పార్కింగు గడిలోంచి బయటికి రావాలంటే హేండిల్ ఎడమవైపు తిప్పాలి. తిప్పి, మెల్లగా క్లచ్చి వదిలాను. చక్రం నిమ్మకాయ ఎక్కింది. అది చితకలేదు, సబ్బుముక్కలా పక్కకి జారింది. నేను ఉలిక్కిపడి, ఏది పట్టుకోవద్దని రెండుసార్లు చెప్పారో సరిగ్గా అదే బ్రేకు పట్టుకున్నాను. బండి ఎడమవైపు ఒరిగింది. పదహారో ఏటి నుంచీ ఉన్న అనుభవం కొద్దీ కాలు చాపాను. నాలుగు వందల కిలోల ముందు నా కాలు ఏపాటిది? గేదె మడుగులో పడుకున్నట్టు, ఏ తొందరా లేకుండా, బండి నేల మీద పడుకుంది. నేను పక్కకి గెంతాను కాబట్టి ఈ కథ చెప్పగలుగుతున్నాను. అద్దం విరిగింది, పెట్టె గీరుకుపోయింది, రేడియో మాత్రం హుషారుగా పాడుతూనే ఉంది. మామగారు బండి వైపు చూసి, "పోన్లెండి, దిష్టి పోయింది," అన్నారు. (నిమ్మకాయకి ఏమీ కాలేదు. పక్కవాళ్ళ కారు కిందికి దొర్లిపోయింది.)

ఇద్దరం కలిసి ఎత్తినా అది జానెడు కూడా లేవలేదు. చేసేదిలేక పెద్దాయనకి ఫోన్ చేశాను. ముప్పావుగంటలో వచ్చాడు. బండికి వీపు తిప్పి గొంతుక్కూర్చుని, హేండిల్ ఒక చేత్తో, సీటు కింద కమ్మీ ఇంకో చేత్తో పట్టుకుని, వెనక్కి అడుగులేస్తూ దాన్ని లేపి నిలబెట్టాడు. లేపేసరికి ముఖం ఎర్రగా అయిపోయింది. తరవాత నిమ్మకాయ ఎందుకని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మామగారే జవాబిచ్చారు. "సేఫ్టీ సార్. నో యాక్సిడెంట్."

పెద్దాయన విరిగిన అద్దం వైపు చూశాడు. నవ్వలేదు. "ఈసారి సగానికి కొయ్యండి. కోసిన వైపు నేలకి ఆనిస్తే దొర్లదు," అన్నాడు. నేను తెలుగులో చెబితే మామగారు గంభీరంగా తలూపారు. తరవాత ఇద్దరూ మెట్ల మీద కూర్చుని మా అత్తగారిచ్చిన టీ తాగారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ చేతులతో మలుపులు, ఎత్తులు, వానలు చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. వెళ్ళేముందు పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "ఒకందుకు మంచిదే అయింది కిడ్. ఇప్పుడు నీ దగ్గర రుజువుంది. సోమవారం జరిగింది జరిగినట్టు రాయి," అన్నాడు. ఆ ముఖంలో ఆశ చూశాను. పాతికేళ్ళ తరవాత తన మాట వినిపించే మనిషి దొరికాడనే ఆశ.

సోమవారం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "నెమ్మదిగా నడిపేటప్పుడు అదుపు ఎలా ఉంది?" అని ఒక గడి. దాన్నే గంటసేపు చూశాను. పడేశానని రాస్తే ఇంటర్వ్యూలో చెప్పిన గొప్ప బయటపడుతుంది. కుర్రాళ్ళకి నచ్చదని రాస్తే ఆఫీసు మూతపడుతుందేమో. వీసా, కాగితాలు, ఏడో నెల. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, నా కలాన్ని మంచి చేసుకున్నాను. "చాలా బాగుంది. యువ రైడర్లకి తప్పక నచ్చుతుంది. ఆరెంజి రంగులో కూడా తెస్తే బాగుంటుంది" అని రాశాను. బండికి తగిలిన దెబ్బల గడిలో, పార్కింగులో ఎవరో తగిలించి వెళ్ళారని రాశాను.

మేనేజరు దాన్ని మీటింగులో పైకి చదివాడు. బల్ల చివర కూర్చున్న పెద్దాయన నా వైపు ఒకసారి చూసి, తరవాత ఒళ్ళోని హెల్మెట్ వైపు చూసుకున్నాడు. ఆయన ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. అనలేదు. సిగ్గుతో చచ్చిపోయానని ఇప్పుడు రాసుకోవడం తేలిక. నిజం చెప్పాలంటే ముందు ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గు తరవాత వచ్చింది, వచ్చి ఇక వెళ్ళలేదు.

బండి అదే బరువుతో, ఆరెంజి రంగులో వచ్చింది. కుర్రాళ్ళు షోరూములకి వచ్చి, ఎక్కి కూర్చుని, ఫొటోలు దిగి, స్టాండు మీంచి లేపబోయి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. రెండేళ్ళకి ఆఫీసు మూసేశారు. లేఆఫ్ లిస్టులో మొదటి పేరు పెద్దాయనది. నన్ను మాత్రం, ఆశావహ దృక్పథం ఉన్నవాడినని, పెద్ద కంపెనీలోకి తీసుకున్నారు. అట్టపెట్టె పట్టుకుని వెళ్ళిపోతూ పెద్దాయన నా బల్ల దగ్గర ఆగి, "ఆరెంజి రంగు బాగుంది కిడ్," అన్నాడు. అంతకంటే చెంపదెబ్బ నయం. ఆ తరవాత నాలుగేళ్ళకి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆయన అంత్యక్రియలకి కార్లో వెళ్ళాను. బయట రెండే మోటారు సైకిళ్ళున్నాయి. పార్కింగుకి చోటు బాగా దొరికింది.

మామగారు కూడా మొన్నటేడాది పోయారు. అప్పుడు కడుపులో ఏడో నెల ఉన్న పాపకి ఇప్పుడు పదహారేళ్ళు. పోయిన నెల ఒక షోరూము ముందు నుంచి వెళ్తూ, ఎందుకో లోపలికి నడిచాను. కొత్త టూరింగ్ బండి పెట్టారు. పాతదానికంటే నలభై కిలోలు తక్కువట. "యువ రైడర్ల కోసమే తగ్గించారు," అంది అక్కడి అమ్మాయి. ఎక్కి, స్టాండు మీంచి లేపాను. లేచింది. కుర్రాళ్ళు కొంటున్నారా అని అడిగాను. ఆ అమ్మాయి కాస్త మొహమాటపడి, "చూస్తున్నారు సర్. కొనేది ఎక్కువగా మీ ఏజ్ వాళ్ళే," అంది. నాకు బండి బ్రహ్మాండంగా నచ్చింది. దాని ఖర్మ అదే.

కొని ఇంటికి తెచ్చాక మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసి, "నాన్నా, దట్స్ సచ్ ఎన్ అంకుల్ బైక్," అంది. ఒకప్పుడు అమెరికా యువతరమంతా నేనేనమ్మా అన్నాను. నమ్మలేదు. లోపలికెళ్ళి ఒక నిమ్మకాయ సగానికి కోసి తెచ్చి, కోసిన వైపు నేలకి ఆనించి, చక్రానికొక చెక్క పెట్టాను. హేండిల్ ఎడమకి తిప్పి మెల్లగా వదిలాను. చక్రం ఎక్కింది, చెక్క చితికింది, రసం కారింది. బండి కొంచెం ఒరిగితే కాలు చాపాను, ఆగింది. ఆ ఇరవై ఎనిమిదేళ్ళ యువతరాన్ని తలుచుకుంటే నవ్వొచ్చింది. నెమ్మదిగా నడిపేటప్పుడు అదుపు ఎలా ఉందో ఇప్పుడు ఉన్నదున్నట్టు రాయగలను. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసినాయనే లేడు.