మస్తాన్ జీపు వెనక సీటు

2001లో నేను హిందూపురం వైపు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. హోదా పేరు ఎంత పొడుగున్నా, జనం నోట మేము బ్రేకిన్‌స్పెక్టర్లమే. నెలకోసారి మడకశిరలో క్యాంపు పెట్టి బాడుగ బండ్లకు ఎఫ్.సి. ఇచ్చేవాళ్లం. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదే అని ప్రభుత్వం ఇచ్చే పత్రం అది.

ఒక క్యాంపుకు మస్తాన్ అనే అతను తన బాడుగ జీపును తళతళలాడేలా కడిగి తెచ్చాడు. వెనక భాగం మాత్రం తోకెత్తిన కోడెలా లేచి ఉంది. వంగి చూశాను. కమాను కట్ట అంటే బండి కుదుపును మింగే ఉక్కు పట్టీల దొంతర. అందులో కంపెనీవి కాక రెండు లారీ పట్టీలు అదనంగా బిగించాడు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీని ఇష్టమొచ్చినట్టు మార్చడం చట్టం ఒప్పుకోదు. ఎఫ్.సి. ఇవ్వనన్నాను.

మస్తాన్ మొహం మాడిపోయింది. "గట్టి చేసినా గానీ చెడగొట్టినానా సార్? శెనక్కాయ మూటలకు కుంగిపోతాందని ఏసినా. రేపు కంబదూరు పోయి నా బిడ్డను కాన్పుకు పిల్చుకోని రావల్ల. తొలికాన్పు సార్! ఎఫ్.సి. లేకుంటే యాడ పోయేది?"

కమాను మరీ బిగిస్తే ఖాళీ బండి చక్రం గుంతల్లో నేలను వదిలేస్తుందనీ, అప్పుడు బ్రేకు పట్టు దొరకదనీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాకు ఒళ్లు మండి, తాళం చెవి లాక్కుని, వెనక కూర్చోమన్నాను. కొన్ననాటి నుంచి ఆ జీపులో అతను స్టీరింగు ముందు తప్ప ఎక్కడా కూర్చోలేదట!

ఊరి బయట గుంతల రోడ్డెక్కించాను. మొదటి గుంతకు "యా అల్లా" అన్నాడు. రెండోదానికి తల టాపుకు తగిలింది. మూడోది రాకముందే నా భుజం పట్టుకున్నాడు.

"ఆపు సార్, ఆపప్పా! దీంట్లో కూచోబెడితే నా బిడ్డకు దావలోనే కాన్పయితాది!"

బండి ఆపి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

అటునుంచి అటే మెకానిక్ దగ్గరికి పోయి పట్టీలు తీయించాడు. సాయంత్రం మళ్లీ వచ్చినప్పుడు నేను అడగకుండానే వెనక సీటెక్కాడు. అదే రోడ్డు మీద తిప్పి చూసి ఎఫ్.సి. మీద సంతకం చేశాను.

తర్వాతి క్యాంపుకు మిఠాయి పొట్లంతో వచ్చాడు. "మనవరాలు సార్! దావ పొడుగునా నా బిడ్డ నిద్రపోతానే వచ్చినాది" అన్నాడు. నాకు ప్రమోషన్ వచ్చిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కమాను మార్చిన ప్రతి బండినీ ఆ పద్ధతిలోనే పరీక్షించాను. స్టీరింగు దగ్గర నేను, వెనక సీట్లో యజమాని. సెక్షన్ చదివి వినిపించాల్సిన పని మళ్లీ పడలేదు.